దుప్పటి ఎత్తితే మొసలి

ఎరిక్ హిల్ లండన్‌లో వ్యాపార ప్రకటనలకు బొమ్మలు వేసే చిత్రకారుడు. 1970ల చివర్లో ఒకసారి ఆయన ఒక ప్రచార కరపత్రం తయారుచేస్తున్నాడు. అందులో ఒకచోట చిన్న కాగితపు మూత ఉంది. దాన్ని ఎత్తితే కింద ఇంకో బొమ్మ కనపడుతుంది. కొనుగోలుదారుల కోసం పెట్టిన ఆ మూత ఆయన బుల్లి కొడుకు క్రిస్టఫర్ కంట పడింది. కరపత్రం ఏం అమ్ముతోందో వాడికి అక్కర్లేదు. మూత ఎత్తితే ఏదో ఉంది, అంతే చాలు.

ఆ సరదా చూసి హిల్ పేజీకో మూత ఉండేలా ఒక కుక్కపిల్ల కథ తయారుచేశాడు. 1980లో అది 'వేర్ ఈజ్ స్పాట్?' పేరుతో పుస్తకంగా వచ్చింది. కథంటే పెద్ద కథేమీ కాదు. అన్నం వేళయింది, పిల్ల స్పాట్ జాడ లేదు, తల్లి శాలీ ఇల్లంతా వెతుకుతుంది. తలుపు వెనక చూస్తే ఎలుగుబంటి. గడియారంలో పాము. పియానోలో నీటిగుర్రం. మెట్ల కింద సింహం, బీరువాలో కోతి. మంచం మీంచి వేలాడే దుప్పటి ఎత్తితే కింద మొసలి. చివరికి తివాచీ కింద ఉన్న తాబేలు మాట విని బుట్టలో చూస్తే దొరుకుతాడు స్పాట్. నాలుగు నిమిషాల్లో అయిపోయే ఈ వెతుకులాట ప్రపంచమంతా తిరిగింది. దాని వెంట వచ్చిన స్పాట్ పుస్తకాలన్నీ కలిపి ఆరు కోట్లకు పైగా అమ్ముడుపోయాయి, అరవైకి పైగా భాషల్లోకి వెళ్లాయి. హిల్ 2014లో కన్నుమూశాడు. ఆయన పుస్తకాలు ఇప్పటికీ దుకాణాల్లో ఉన్నాయి.

ఎత్తి చూసేవి, తడిమి చూసేవి, వేలు దూర్చేవి, లాగితే కదిలేవి. ఇలా పసివాళ్లు చెయ్యి వేసి ఆడుకునే బొమ్మల పుస్తకాలు ఇప్పుడు మన నగరాల్లోని పుస్తకాల షాపుల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ కుప్పలుగా దొరుకుతున్నాయి. పుట్టినరోజు కానుకలుగా ఇంటికి వస్తున్నాయి. వాటిని చూసి పెద్దవాళ్లకు రెండు అనుమానాలు వస్తాయి. చదవడం రాని పిల్లకు పుస్తకం ఎందుకు? చింపేస్తుంది కదా, అంత ధర పెట్టడం దేనికి? రెండూ న్యాయమైన ప్రశ్నలే. జవాబు మాత్రం పుస్తకంలో కన్నా, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి దగ్గర ఎక్కువ ఉంది.

ముందు బిడ్డ సంగతి చూద్దాం. అప్పుడే పుట్టిన శిశువుకు స్పష్టంగా కనపడేది ఇరవై, ముప్పై సెంటీమీటర్ల దూరం వరకే. పాలు తాగేటప్పుడు తల్లి ముఖం ఉండే దూరం అది. లేత రంగులు, సన్నని గీతలు ఆ కళ్లకు అందవు. నలుపు, తెలుపుల మధ్య తేడా అయితే అందుతుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ టానా హోబన్ 1993లో 'బ్లాక్ ఆన్ వైట్', 'వైట్ ఆన్ బ్లాక్' అని రెండు పుస్తకాలు చేసింది అందుకే. వాటిలో ఒక్క అక్షరం ఉండదు, వస్తువుల నీడలు మాత్రమే.

తొమ్మిది నెలల పిల్లకు బొమ్మ చూపిస్తే ఏం చేస్తుంది? జూడీ డెలోష్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఈ సంగతి దగ్గరుండి చూసి 1998లో ప్రచురించారు. ఆ వయసు పిల్లలు కాగితం మీది వస్తువును చేత్తో రుద్దుతారు, గోకుతారు, పట్టుకుని పైకి తీయబోతారు. అమెరికాలోనే కాదు, బొమ్మల పుస్తకాలు అసలు ఎరగని పశ్చిమ ఆఫ్రికా ఐవరీ కోస్ట్‌లోని బెంగ్ తెగ పసివాళ్లూ అదే చేశారు. పందొమ్మిది నెలలు వచ్చేసరికి ఆ పట్టుకోవడం పోయి, వేలితో చూపించడం వస్తుంది. బొమ్మ అంటే వస్తువు కాదు, వస్తువును గురించి మాట్లాడుకోవడానికి ఒక సాకు అని బిడ్డకు ఈ మధ్యలోనే తెలుస్తుంది. చేతులు పెట్టే పుస్తకం సరిగ్గా ఈ సంధికాలానికి తగినది. గోకాలనిపిస్తే గోకడానికి అందులో నిజంగానే ఏదో ఉంటుంది.

ఇక మూత ఎత్తే ఆట మనకు కొత్తది కాదు. కొంగు ముఖం మీద వేసుకుని, తీసి, 'దోబూచి' అన్న ప్రతి నాయనమ్మా ఈ పుస్తకాన్ని అచ్చు లేకుండానే చదివింది. కనపడకుండా పోయిన వస్తువు లేకుండా పోలేదని బిడ్డకు తెలియడం ఎదుగుదలలో పెద్ద మెట్టు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే తన సొంత పిల్లల ముందు వస్తువులు గుడ్డ కింద దాచి, వాళ్లు వెతుకుతారా లేదా అని చూసి, సుమారు ఎనిమిది నెలల వయసులో ఈ వెతుకులాట మొదలవుతుందని రాశాడు. తర్వాతి పరిశోధకులు పిల్లలకు ఈ ఎరుక ఇంకా ముందే వస్తుందని చూపించారు. చెయ్యి చాచి గుడ్డ లాగడం మాత్రం ఆ ఎనిమిది నెలల దగ్గరే. అందుకే ఏడాది లోపు పిల్లకు స్పాట్ కథ అర్థం కాకపోయినా దుప్పటి కింది మొసలి అర్థమవుతుంది. పదోసారి ఎత్తినా మొసలి అక్కడే ఉండటం వాళ్లకు విసుగు కాదు. అదే అసలు ఆనందం. విసుగు పెద్దవాళ్లది.

కుందేలును నిమిరిన పాప

కదిలే పుస్తకాల చరిత్ర పాతది. లండన్‌లో రాబర్ట్ సేయర్ అనే ప్రచురణకర్త 1765లోనే మూతలు ఎత్తి చూసే వినోదపు పుస్తకాలు వేశాడు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీకి చెందిన లోథర్ మెగెండోర్ఫర్ ఒక్క కాగితపు పట్టీ లాగితే బొమ్మలో నాలుగైదు భాగాలు ఒకేసారి కదిలేలా యంత్రాల్లాంటి పుస్తకాలు చేశాడు. అవన్నీ కాస్త పెద్ద పిల్లలకు, ఒద్దికగా కూర్చునేవాళ్లకు పనికొచ్చేవి. పాకే పిల్ల చేతికిస్తే ఒక్క పూట కూడా నిలవవు.

పాకే పిల్లను తలచుకుని చేసిన పుస్తకం 1940లో వచ్చింది. డొరొతీ కున్‌హార్డ్ట్ అనే అమెరికన్ రచయిత్రి తన చిన్న కూతురు ఈడిత్ కోసం 'ప్యాట్ ద బన్నీ' తయారుచేసింది. అరచేతిలో ఇమిడే పుస్తకం. ఒక పేజీలో కుందేలు బొమ్మ, దాని ఒంటి మీద మెత్తటి గుడ్డ అతికించి ఉంటుంది, నిమరాలి. ఇంకో పేజీలో గుడ్డ ముక్క, అది ఎత్తితే దోబూచులాడే పిల్లాడు. ఒకచోట అద్దం. ఒకచోట గడ్డం గీసుకోని నాన్న చెంప, అక్కడ గరుకు కాగితం. ఒకచోట అమ్మ ఉంగరం, అందులో వేలు దూర్చడానికి రంధ్రం. పువ్వులున్న పేజీని వాసన చూడాలి.

ఎనభై ఏళ్లు దాటినా ఆ పుస్తకం అచ్చులోనే ఉంది. పుస్తకం గొప్పతనం గుడ్డలో, గరుకు కాగితంలో లేదు. నాన్న చెంప పేజీ దగ్గర ఏం జరుగుతుందో ఊహించండి. బిడ్డ గరుకు కాగితాన్ని తడుముతుంది. పక్కనే నాన్న ఉంటే తల తిప్పి ఆయన చెంప తడుముతుంది. కాగితానికీ మనిషికీ మధ్య ఒక దారి పడుతుంది. ఇప్పుడు బజారులో దొరికే 'టచ్ అండ్ ఫీల్' పుస్తకాల్లో చాలా వాటికి ఈ కిటుకు అంతుపట్టలేదు. పులికీ, బాతుకూ, చేపకూ ఒకే రకం బొచ్చు గుడ్డ అతికించి చేతులు దులుపుకుంటాయి. చేప ఒంటి మీద బొచ్చు పెట్టే పుస్తకం కొనకపోయినా నష్టం లేదు.

రంధ్రాలు చేసిన పురుగు

ఎరిక్ కార్ల్ 1929లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు. ఆరేళ్ల వయసులో కుటుంబం జర్మనీకి తిరిగి వెళ్లిపోవడంతో అతని చిన్నతనం హిట్లర్ పాలనలో, యుద్ధంలో గడిచింది. తండ్రిని సైన్యంలోకి తీసుకున్నారు. ఆయన రష్యన్లకు యుద్ధఖైదీగా చిక్కాడు. పదిహేనేళ్ల కార్ల్ చేత సరిహద్దులో కందకాలు తవ్వించారు. 1952లో అతను మళ్లీ అమెరికా చేరి ప్రకటనల రంగంలో పనిచేశాడు. స్పాట్ సృష్టికర్త హిల్ లాగే ఇతనూ ప్రకటనల నుంచే పిల్లల దగ్గరికి వచ్చాడు.

ఒకరోజు కాగితాల కట్టకు పంచ్‌తో రంధ్రం చేస్తుంటే పుస్తకాల పురుగు గుర్తొచ్చింది. విల్లీ అనే పురుగు పేజీలు తొలుచుకుంటూ పోయే కథ రాసుకుని సంపాదకురాలు ఆన్ బెనెడ్యూస్‌కు చూపించాడు. ఆమెకు పురుగు నచ్చలేదు, గొంగళిపురుగైతే ఎలా ఉంటుందని అడిగింది. చివరికి సీతాకోకచిలుక అవుతుంది కదా అని కార్ల్‌కు అక్కడికక్కడే తట్టింది. 1969లో వచ్చిన 'ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' వెనక కథ ఇంతే.

సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు బేరిపళ్లు, బుధవారం మూడు ప్లమ్‌లు, గురువారం నాలుగు స్ట్రాబెర్రీలు, శుక్రవారం అయిదు నారింజలు. రోజు గడిచేకొద్దీ పేజీ వెడల్పవుతుంది. తిన్న ప్రతి పండులోనూ నిజమైన రంధ్రం. పసివాడి వేలు అందులోంచి అవతలి పేజీలోకి వెళ్లి వస్తుంది. శనివారం చాక్లెట్ కేకు, ఐస్‌క్రీమ్, ఊరగాయ దోసకాయ, పుచ్చకాయ ముక్క వగైరా పది రకాలు తిని పురుగుకు కడుపునొప్పి. ఆదివారం ఒక ఆకుపచ్చటి ఆకు తిని కుదుటపడుతుంది. వారాల పేర్లు, అంకెలు, పండ్లు, అజీర్తి అన్నీ వచ్చాయి, పాఠం చెప్పినట్టు మాత్రం ఎక్కడా ఉండదు. సీతాకోకచిలుక పట్టుగూడులోంచి రాదు, ప్యూపాలోంచి వస్తుంది అని ఈ పుస్తకాన్ని తప్పుబట్టే శాస్త్రం తెలిసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తప్పే. పిల్లలు పట్టించుకోలేదు.

ఈ రంధ్రాలు, చిన్నా పెద్దా పేజీలు తక్కువ ఖర్చుతో అచ్చువేయగల ముద్రాపకులు ఆ రోజుల్లో అమెరికాలో దొరకలేదు. పుస్తకాన్ని జపాన్‌లో వేయించారు. ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ ఈ రకం పుస్తకాల ఆర్థికం అంతా ఇందులోనే ఉంది. మామూలు పుస్తకం యంత్రంలోంచి అచ్చయి, కుట్టుపడి వస్తుంది. రంధ్రానికి వేరే కోత అచ్చు (డై) చేయించాలి. మూతలు, పేజీ తెరవగానే పైకి లేచే పాప్-అప్‌లు అయితే చాలావరకు మనుషులు కూర్చుని చేత్తో అతికించాలి. వేలల్లో కాక లక్షల్లో అమ్మితే తప్ప గిట్టుబాటు కాదు. కార్ల్ పుస్తకం అయిదు కోట్లకు పైగా అమ్ముడైంది కాబట్టి సరిపోయింది. 2021లో ఆయన మరణించేనాటికి అది అరవైకి పైగా భాషల్లో ఉంది.

ఏమీ లేకుండానే

మూత లేదు, రంధ్రం లేదు, గుడ్డ లేదు. అయినా పిల్లలు ఊపి, ఊది, తట్టి, ఒరగదీసి ఆడుకునే పుస్తకం ఒకటుంది. ఫ్రెంచి చిత్రకారుడు ఎర్వే ట్యులే 2010లో వేసిన పుస్తకం అది. మరుసటి ఏడాది ఇంగ్లీషులో 'ప్రెస్ హియర్'గా వచ్చింది. మొదటి పేజీలో తెల్లకాగితం మీద పసుపుపచ్చ చుక్క. దాన్ని నొక్కి పేజీ తిప్పమంటుంది పుస్తకం. తిప్పితే రెండు చుక్కలు! రుద్దమంటే రుద్దాలి, రంగు మారుతుంది. పుస్తకాన్ని ఒక పక్కకు వంచితే తరువాతి పేజీలో చుక్కలన్నీ ఆ పక్కకు జారిపోయి ఉంటాయి. చప్పట్లు కొడితే పెద్దవవుతాయి.

చుక్కలు అచ్చులో ఉన్నవే, కదిలేది ఏమీ లేదని మూడేళ్లు దాటిన పిల్లలకు తెలుసు. తెలిసే, నమ్మినట్టు ఆడతారు. టచ్‌స్క్రీన్ ఫోన్లు ఇళ్లలోకి దూసుకొస్తున్న రోజుల్లో మామూలు కాగితం ఇంత పని చేయగలదని చూపించడం ట్యులే చిలిపితనం. చేతులు పెట్టే పుస్తకానికి నిజంగా కావలసింది ఏమిటో ఈ పుస్తకం చెప్పినంత బాగా ఇంకోటి చెప్పదు. బిడ్డ ఏదైనా చెయ్యడానికి వీలుండాలి, చేసినదానికి ఒక ఫలితం ఉండాలి, పక్కన ఆశ్చర్యపోవడానికి ఒక మనిషి ఉండాలి.

కదిలే భాగాలే బిడ్డ ధ్యాసను లాగేసుకుంటే ఏమవుతుందో చెప్పే పరిశోధనలు ఉన్నాయి. పుస్తకాల కంపెనీలకు అంతగా నచ్చనివి. ఇందాక చెప్పిన డెలోష్, ఆమె సహచరులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరు పసివాళ్లకు జంతువుల నిజమైన ఫొటోలున్న సాదా పుస్తకం, కొందరికి అవే జంతువులు పైకి లేచే పాప్-అప్ పుస్తకం చూపించి కొత్త పేర్లు, సంగతులు చెప్పారు. సాదా పుస్తకం చూసినవాళ్లే ఎక్కువ నేర్చుకున్నారు. 2012లో అక్షరమాల పుస్తకాలతో చేసిన ఇంకో అధ్యయనంలోనూ అంతే. కదిలే భాగాలున్న పుస్తకం చూసిన పిల్లలకు తక్కువ అక్షరాలు వచ్చాయి. వాళ్ల దృష్టంతా లాగుడు పట్టీ మీద ఉంది, అక్షరం మీద లేదు.

దీన్నిబట్టి మూతల పుస్తకాలు పనికిరావని తేల్చడం తొందరపాటు. అక్షరాలు నేర్పాలంటే సాదా పుస్తకం మేలు, అంతవరకు నిజం. కానీ ఏడాది పిల్లకు అక్షరాలు నేర్పే తొందర ఎవరికి? ఆ వయసులో పుస్తకం చేయవలసిన పని వేరు. బిడ్డనూ పెద్దమనిషినీ ఒకేచోట కూర్చోబెట్టి, ఒకే వస్తువును ఇద్దరూ చూసేలా చేసి, దాని గురించి నాలుగు మాటలు పుట్టించడం. ఆ పనికి మొసలి ఉన్న దుప్పటిని మించింది లేదు. చిక్కల్లా మూత ఎత్తడమే పనైపోయి మాట లేకుండా పోయినప్పుడు వస్తుంది.

ఆ మాటలు ఎలా ఉండాలన్నదాని మీద బాగా పేరుపొందిన పని గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడి బృందం న్యూయార్క్ లాంగ్ ఐలాండ్ ప్రాంతంలో చేసింది. 1988లో ప్రచురించారు. రెండేళ్లు అటూ ఇటూగా ఉన్న పిల్లల తల్లిదండ్రులను రెండు జట్లు చేశారు. రెండు జట్లూ పిల్లలకు పుస్తకాలు చదివాయి. ఒక జట్టుకు మాత్రం చిన్న శిక్షణ ఇచ్చారు. 'ఇది కుక్క కదా?' అని అవును, కాదు ప్రశ్న అడగొద్దు, 'ఇదేంటి? ఏం చేస్తోంది?' అని అడగండి. పిల్ల ఒక్క మాట అంటే దాన్ని రెండు మాటలు చేసి తిరిగి చెప్పండి. అంతే. నెల తిరిగేసరికి ఆ పిల్లలు మాట్లాడే తీరులో రెండో జట్టు పిల్లల కన్నా స్పష్టంగా ముందున్నారు. తొమ్మిది నెలల తర్వాత చూసినా, తగ్గినప్పటికీ, తేడా పూర్తిగా పోలేదు.

మన ఇళ్లలో ఇది ఎలా ఉంటుంది? అమ్మమ్మ ఒళ్లో రెండేళ్ల మనవడు, చేతిలో స్పాట్ పుస్తకం.

"తలుపు వెనకాల ఎవరున్నారు నాన్నా? తీసి చూడు."

"భౌ భౌ!"

"భౌ భౌ కాదురా బుజ్జీ, ఎలుగుబంటి. నల్ల ముక్కు ఎలుగుబంటి. మన తలుపు వెనకాల ఏముంటుంది?"

"తాత్త... గొడుగు."

"ఆఁ, తాతయ్య గొడుగు ఉంటుంది. వానొస్తే వేసుకునే నల్ల గొడుగు. మరి ఈ గడియారంలో ఎవరో?"

ఇంగ్లీషు పుస్తకమే. అమ్మమ్మకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. రాకపోవడమే ఒకందుకు మంచిది, అచ్చులో ఉన్న వాక్యం అప్పజెప్పే పని తప్పింది. వాడు అన్న ఒక్క 'గొడుగు' ఆమె నోట రంగు, అవసరం కలుపుకుని తిరిగి వచ్చింది. వైట్‌హర్స్ట్ తన జట్టుకు నేర్పింది సరిగ్గా ఇదే. డల్లాస్‌లోనో, సిడ్నీలోనో ఉన్న తెలుగు ఇళ్లకు ఇది ఇంకా పనికొస్తుంది. అక్కడి లైబ్రరీలో తెలుగు పుస్తకం దొరక్కపోవచ్చు. మూతల పుస్తకాల్లో అక్షరాలు తక్కువ, బొమ్మలు ఎక్కువ కాబట్టి ఏ పుస్తకాన్నైనా తెలుగులోనే చదవొచ్చు.

బటన్ నొక్కితే పాడే పుస్తకాల సంగతి వేరు. కార్ల్ కూడా 1990లో 'ద వెరీ క్వైట్ క్రికెట్' చివరి పేజీలో కీచురాయి చప్పుడు చేసే చిన్న చిప్ పెట్టాడు. కానీ పుస్తకమంతా మూగగా తిరిగిన కీచురాయి చివర్లో ఒక్కసారి పలుకుతుంది, అందుకే ఆ చప్పుడుకు విలువ. ఇప్పటి చప్పుళ్ల పుస్తకంలో మొదటి పేజీ నుంచే పది బటన్లు. ఆవు అరుస్తుంది, రైలు కూస్తుంది, పాట మోగుతుంది. అమ్మ నోరు విప్పే సందే ఉండదు. తెర మీది పుస్తకాలతోనూ ఇదే చిక్కు. 2019లో అమెరికాలో టిఫనీ మన్‌జర్ అనే పరిశోధకురాలి బృందం తల్లిదండ్రులు చిన్నపిల్లలతో కాగితం పుస్తకం చదవడాన్నీ, టాబ్లెట్‌లో చదవడాన్నీ పోల్చి చూసింది. టాబ్లెట్‌తో ఉన్నప్పుడు ఇద్దరి మధ్య మాటలు తగ్గాయి, పుస్తకాన్ని కలిసి పట్టుకోవడం తగ్గింది.

చప్పుళ్ల పుస్తకాలతో ఇంకో జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. వాటిలో చాలావరకు ఉండేది నాణెం లాంటి బటన్ బ్యాటరీ. పిల్ల మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. బ్యాటరీ మూతకు మర లేని పుస్తకం ఎంత బాగా పాడినా ఇంట్లోకి రానివ్వకూడదు. పొరపాటున మింగిందని అనుమానం వస్తే మర్నాటి దాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మన దగ్గర

తెలుగులో పిల్లల పుస్తకాలకు కొదవ లేదు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ తక్కువ ధరకు బొమ్మల పుస్తకాలు వేస్తోంది. చెన్నైలోని తూలిక ప్రచురణకర్తలు తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉండే ద్విభాషా పుస్తకాలు తెచ్చారు. బెంగళూరు ప్రథమ్ బుక్స్ 2015లో పెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, దింపుకుని అచ్చు తీసుకోవచ్చు. కానీ ఇవి ఎక్కువగా మూడేళ్లు దాటినవాళ్లకు, కథ వినగలిగినవాళ్లకు. ఏడాది పిల్ల నమిలినా తట్టుకునే అట్టపేజీల తెలుగు పుస్తకం, అందులోనూ మూతలు, రంధ్రాలు ఉన్నది, వెతికితే గాని దొరకదు.

రంధ్రాలు కోయడం మన దేశంలో చేతకాని పని కాదు. చెన్నై తారా బుక్స్ గోండు చిత్రకారుడు రామ్‌సింగ్ ఉర్వేతి బొమ్మలతో వేసిన 'ఐ సా ఎ పీకాక్ విత్ ఎ ఫైరీ టెయిల్'లో పేజీలకు చేసిన కోతల్లోంచి ముందు పేజీ బొమ్మ, వెనక పేజీ బొమ్మ కలిసి అర్థం మారిపోతుంది. ప్రపంచమంతా మెచ్చుకున్న పుస్తకం అది, కాకపోతే పసివాళ్ల కోసం చేసింది కాదు. అంతదాకా ఎందుకు, మన శుభలేఖలు చూడండి. తలుపులు తెరుచుకునే శుభలేఖ, లోపల వినాయకుడు, కోసిన అరటిచెట్లు, మెరిసే రేకు, లాగితే బయటికొచ్చే చీటీ. పెళ్లి అయిన మర్నాడు అటకెక్కే కార్డుకు పెట్టే హంగులో సగం పెట్టినా చక్కటి తెలుగు పాప పుస్తకం తయారవుతుంది. డై కోసే ప్రెస్సులు ఉన్నాయి, అతికించే చేతులు ఉన్నాయి. కావలసింది వేయించే ప్రచురణకర్త, కొనే అలవాటు.

అప్పటిదాకా ఆ శుభలేఖలే పనికొస్తాయి. మందపాటి అట్టలు ఆరింటిని ఒకే కొలతకు కత్తిరించి, మూలలు గుండ్రంగా చేసి, గుడ్డ పట్టీతో వెన్ను కలిపి అతికిస్తే పుస్తకం. ఒక పేజీలో తాతయ్య ఫొటో, దాని మీద తలుపులా తెరుచుకునే అట్ట. ఇంకో పేజీలో అమ్మ పాత పట్టుచీర ముక్క, ఎదుటి పేజీలో గోనెపట్ట ముక్క, మెత్తనా, గరుకా చెప్పుకోవడానికి. ఒకచోట వేలు పట్టేంత రంధ్రం, దాని చుట్టూ గారె బొమ్మ. అవతలి పేజీలో రంధ్రం ఎక్కడికి వస్తుందో చూసుకుని అక్కడ ఎలుక ముఖం వేస్తే వేలే దాని ముక్కు అవుతుంది. పూసలు, గుండీలు, చమ్కీలు, స్టేప్లర్ పిన్నులు మాత్రం వద్దు. ఊడిన ప్రతిదీ నోట్లోకే పోతుంది. జరీ అంచులో పోగులు లేచి ఉంటే అది కూడా పక్కన పెట్టాలి.

చిరుగుతుందన్న బెంగ పెట్టుకోవద్దు. మూతలు ఊడటం ఈ పుస్తకాలకు చావు కాదు, అతికించి మళ్లీ చదవచ్చు. ఒకే పుస్తకం నెల రోజులు అడుగుతున్నా మార్చనక్కర్లేదు. బిడ్డ మధ్యలో పుస్తకం మూసేసి లేచిపోతే ఆపేయవచ్చు. చివరి పేజీ నుంచి మొదలుపెట్టినా, తలకిందులుగా పట్టుకున్నా దిద్దే పని లేదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లో పుట్టినప్పటి నుంచే పిల్లలకు పుస్తకాలు చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పాలని తమ సభ్యులకు సూచించింది. ఎన్ని పేజీలు, ఎన్ని నిమిషాలు అన్న లెక్క కన్నా రోజూ కాసేపు కలిసి కూర్చోవడం ముఖ్యం.

ఇంట్లో పుస్తకమే లేని పిల్లల మాటేమిటి? దీనికి ఇతర దేశాలు సులువైన దారి కనిపెట్టాయి. 1989లో అమెరికాలో బోస్టన్ సిటీ ఆసుపత్రిలో కొందరు డాక్టర్లు చూపించుకోవడానికి వచ్చిన పసివాళ్లకు మందుల చీటీతో పాటు పుస్తకం కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. 'రీచ్ అవుట్ అండ్ రీడ్' పేరుతో అది దేశమంతా పాకింది. 1992లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పిల్లల పుస్తకాల నిపుణురాలు వెండీ కూలింగ్ చొరవతో 'బుక్‌స్టార్ట్' మొదలైంది. మొదట 300 కుటుంబాలకు, ఆరోగ్య తనిఖీకి వచ్చిన పాపాయిలకు పుస్తకాల సంచి ఇచ్చారు. తర్వాత అది బ్రిటన్ అంతటా పథకమైంది, ఇతర దేశాలూ అనుసరించాయి.

మనకు 1975లో మొదలైన అంగన్‌వాడీ వ్యవస్థ ఊరూరా ఉంది. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా పిల్లల ఎదుగుదలకు ఇంట్లో ఏయే ఆటలు, మాటలు ఉండాలో చెప్పే 'నవచేతన' మార్గదర్శకాలు 2024లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసింది. మాటలు కాగితం మీద ఉన్నాయి, పుస్తకం మాత్రం పిల్ల చేతికి రావాలి. మన టీకాల పట్టికలో తొమ్మిది నెలలు నిండాక మీజిల్స్-రుబెల్లా టీకా ఉంది. బొమ్మను గోకి చూసే వయసు, దోబూచికి కిలకిల నవ్వే వయసు సరిగ్గా అదే. ఆ రోజు తల్లి చేతిలో టీకా కార్డుతో పాటు ఆరు పేజీల తెలుగు అట్టపుస్తకం ఒకటి పెట్టి, టీకా వేసే ఏఎన్ఎమ్ ఒక్క మూత ఎత్తి చూపిస్తే చాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఏదో ఒక జిల్లాలో దీన్ని మొదలుపెట్టాలి. బర్మింగ్‌హామ్ మొదలుపెట్టింది మూడు వందల ఇళ్లతోనే.